వీలర్ వాళ్ల పిల్లవాడికి పాలిచ్చిన సంగతి

అజ్మాన్,
20 నవంబరు 1983.

రాయచోటిలో ఉన్న ఖుర్షీదా గారికి,

అజ్మాన్ నుంచి అలివేలు నమస్కారాలు. ఇక్కడ నేనూ మావారూ బాగున్నాము. మీ మరదలు ఫాతిమాబీ మా ఇంట్లోనే ఉంది. ఆరోగ్యంగా ఉంది, ఈ పూట మారు అన్నం వడ్డించుకుని తింది. అక్కడ మీరు, మీ తమ్ముడు ఇమామ్ హుస్సేన్ గారు, మీ దగ్గర పాలు తాగుతున్న పిల్లలిద్దరూ కుశలంగా ఉన్నారని తలుస్తాను.

మనం ఒకరినొకరు చూసుకోలేదు కాబట్టి ముందు నేనెవరో చెప్పాలి. మాది కడప. చాలా ఏళ్లు అక్కడి కోర్టులో టైపిస్టుగా పనిచేశాను. సాక్షి చెప్పింది చెప్పినట్టు కొట్టడమే నా పని. మావారి ఉద్యోగం వల్ల ఈ దేశం వచ్చాను. దుబాయ్‌లో జుమేరా అనే పేటలో ఉండే వీలర్ అనే అమెరికా వాళ్ల ఇంటికి టైపు పనికి వెళ్లేదాన్ని. ఫాతిమాబీ ఆ ఇంట్లోనే వంటకూ, పిల్లవాడి పనికీ ఉండేది.

మీ ఉత్తరం అందింది. ఆ ఇంటి డ్రైవర్ సనావుల్లా, మీ పక్క ఊరివాడు, ఫాతిమాబీ అసహ్యమైన పని చేస్తూ మేడంకు దొరికిపోయిందని, ఇంట్లోంచి గెంటేశారని తన ఇంటికి రాసినట్టు తెలియజేశారు. ఆ మాట రాయచోటి బస్టాండు దాకా పాకిందని, సంగతి తేలేదాకా కడప స్టేషనుకు రానని ఇమామ్ హుస్సేన్ గారు కూర్చున్నారని కూడా రాశారు. ఆమె వచ్చే నెల మొదటి వారంలో బయల్దేరుతోంది. బొంబాయిలో విమానం దిగి మద్రాసు మెయిలు ఎక్కుతుంది. కడపలో ఆమె దిగేసరికి మొగుడు లేకపోతే మీ ఊరు ఏమనుకుంటుందో, ఆ తర్వాత ఆమె ఆ ఊళ్లో ఎలా తలెత్తుకు తిరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఈ కాగితాలు మీ తమ్ముడికి చదివి వినిపించండి.

వీలర్ గారు ఇంజనీరు. సముద్రంలో నూనె బావుల మీద కొన్ని వారాలు, ఇంట్లో కొన్ని వారాలు ఉంటాడు. ఆయన భార్య ఒక నవల రాస్తోంది. నూరేళ్ల కిందట అమెరికాలో నెబ్రాస్కా అనే బయలు నేలకు బండ్లు కట్టుకుని వలసపోయిన ఆడవాళ్ల కథ. ఆమె చేత్తో రాసిన కాగితాలు నాకిస్తుంది, నేను భోజనాల బల్ల మీద మిషను పెట్టుకుని కొడతాను. అక్కడి నుంచి వంటగది కనిపిస్తుంది. ఫాతిమాబీ గిన్నెలు కడుగుతూ, ఈ పొద్దు ఆ హానమ్మకు ఏమైందక్కా అని అడిగేది. హానా అన్నది నవల్లో ముఖ్యమైన మనిషి. నేను చెప్పేదాన్ని. అక్కడ చెట్టన్నది లేదు, అందుకని గడ్డి వేళ్లతో సహా మట్టి పెళ్లలు కోసి, ఇటుకల్లా పేర్చి ఇళ్లు కట్టుకున్నారు. వాన వస్తే కప్పులోంచి పురుగులు అన్నంలో పడేవి. కట్టెలు దొరకక ఎండు పేడ ఏరుకొచ్చి పొయ్యి వెలిగించారు. మిడతలు వచ్చి పైరు తిన్నాయి, ఆరవేసిన బట్టలూ తిన్నాయి.

పేడ సంగతి విని ఫాతిమాబీ చేతిలో గిన్నె దించింది. అంత తెల్లటోళ్లు కూడా పిడకలు కొట్టినారా అని అడిగింది. కొట్టలేదు, ఎండిందే ఏరుకున్నారన్నాను. అయ్యో, ఎవురూ చెప్పేటోళ్లు లేకపోయిరే, పచ్చిగా ఉన్నప్పుడే తట్టుకొనుంటే సలికాలమంతా వచ్చేది గదా అని బాధపడింది. మరో రోజు, ఈ మేడం వాళ్లు కూడా మనట్లా కష్టపడి వచ్చినోళ్లేనక్కా, అందుకే ఈయమ్మకు ఆడోళ్ల బాధ తెలుసు అంది.

పిల్లవాడి పేరు టిమ్. అప్పటికి నాలుగో నెల నిండింది. ఫాతిమాబీ వాణ్ణి తిమ్మన్నా అని పిలిచేది. వాడికి పుట్టినప్పటి నుంచీ సీసా పాలే. డాక్టరు పాలపొడి డబ్బా మార్చాడు, మళ్లీ మార్చాడు. తాగింది కక్కేవాడు, తర్వాత సీసా చూస్తేనే మొహం తిప్పేవాడు.

ఫాతిమాబీ తన కొడుకు జిలానీని మీ ఒడిలో పెట్టి బయల్దేరినప్పుడు వాడికి ఆరో నెల. ఇప్పుడు రాకపోతే వీసా ఇంకొకరికి పోతుందని ఏజెంటు తొందరపెట్టిన సంగతి మీకు తెలుసు. ఇక్కడికొచ్చాక ఆమెకు పాలు ఆగలేదు. గట్టిపడి జ్వరం వచ్చేది. పనివాళ్ల గది బయట కుళాయి ఉంది, అక్కడ పిండి పారబోసేది. జిలానీ పాలు కాలవలో పోస్తున్నానక్కా అని ఒకసారి అంది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. జాకెట్టు తడిసి ఉండడం మిసెస్ వీలర్ చూసింది. ఒక తెల్ల ఏప్రను ఇచ్చి, క్లబ్బు ఆడవాళ్లు టీకి వచ్చినప్పుడు పైన కట్టుకోమంది. ఎందుకు తడిసిందని అడగలేదు. ఫాతిమాబీకి ఊళ్లో పసిబిడ్డ ఉన్నాడని మేడంకు తెలుసు. వీసా కాగితాల్లో రాసి ఉంది.

తర్వాత నవల్లో పదకొండో అధ్యాయం వచ్చింది. మంచు తుఫానులో పొరుగింటామె కాన్పయి చనిపోతుంది. హానా బిడ్డ అంతకు ముందు వారమే జ్వరంతో పోయాడు. హానా ఆ మంచులో నడిచి వెళ్లి, తల్లిలేని పసివాణ్ణి ఎత్తుకుని, పొయ్యి ముందు కూర్చుని తన పాలిస్తుంది. మిసెస్ వీలర్ ఆ కాగితాలు నాకిచ్చే ముందు పైకి చదివింది. చదువుతూ ఏడ్చింది. ముక్కు తుడుచుకుని, ఈ పుస్తకమంతా ఈ ఒక్క పేజీ కోసమే రాస్తున్నాను అంది.

ఆ ఏడుపు ఫాతిమాబీ వంటగది గుమ్మంలో నిలబడి చూసింది. మేడం ఎందుకేడుస్తోందని అడిగితే కథ చెప్పాను. ఆ పిల్లోడు పెద్దోడయినాక హానమ్మను అమ్మా అని పిలిచినాడా అని అడిగింది. అలాంటిదేమీ రాయలేదన్నాను. వాళ్లలో ఆ లెక్క లేదేమోలే అంది. పరాయి బిడ్డ కడుపునిండా అయిదు మార్లు పాలు తాగితే ఆ తల్లికి బిడ్డయినట్టేనని, ఆమె పిల్లలకు తోడబుట్టినవాడేనని చెప్పింది. మీకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి ఇది. నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత జరిగింది ఇది. ఒక రోజు టిమ్ పొద్దుటి నుంచి చుక్క ముట్టలేదు. మిసెస్ వీలర్ క్లబ్బులో ఉంది. పిల్లవాడి గొంతు పోయింది, ఏడుపు కూడా సరిగ్గా రావడంలేదు. ఫాతిమాబీ వాణ్ణి ఒళ్లో వేసుకుని పాలిచ్చింది. వాడు తాగాడు, నిద్రపోయాడు, కక్కలేదు. మర్నాడూ ఇచ్చింది. ఆ వారమంతా ఇచ్చింది. పిల్లవాడి మొహం తేరుకుంది. డాక్టరు తూకం చూసి, కొత్త డబ్బా ఒంటికి పడిందన్నాడు. మిసెస్ వీలర్ ఆ డబ్బా పేరు స్నేహితురాళ్లకు ఫోన్లో చెప్పింది.

ఇక్కడితో ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అయిదు మార్లు దాటాక తల్లికి చెప్పకుండా దాచడం తప్పని ఫాతిమాబీ అనుకుంది. పదకొండో అధ్యాయం దగ్గర మేడం ఏడవడం చూసింది కాబట్టి, చెబితే సంతోషిస్తుందని కూడా అనుకుంది. గురువారం నేను మిషను ముందు కూర్చోగానే కనిపించింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టి, తలమీద కొంగు కప్పుకుని ఉంది. చేతిలో పళ్లెం. చపాతీలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి కట్టిన మలీదా ముద్దలు. మీ ఇళ్లల్లో శుభకార్యానికి చేసేవే. మేడంను పిలువు అక్కా, ఇంగిలీషులో మంచిగా చెప్పు అంది. ఈ పొద్దు నుంచి తిమ్మన్నా మా జిలానీ అన్నదమ్ములు, ఆయమ్మా నేనూ అక్కచెల్లెండ్లు. దేశం గాని దేశంలో నాకొక సుట్టం దొరికిందని చెప్పు, ముందు ఆయమ్మ నోట్లో తీపి పెట్టాల అంది.

మిసెస్ వీలర్ వచ్చింది. నేను చెప్పాను. ఆమెకు మొదట అర్థం కాలేదు, రెండోసారి చెప్పమంది. చెప్పాను. అప్పటికే ఆమె ఒక ముద్ద చేతిలోకి తీసుకుని ఉంది. దాన్ని కింద పడేసి, చేతులు కడిగే తొట్టి దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకుంది. ఆ తర్వాత నిద్రపోతున్న పిల్లవాణ్ణి లేపి, నోట్లో వేలు పెట్టి, మందు నీళ్లలో ముంచిన దూదితో నాలుకా చిగుళ్లూ తుడిచింది. వాడు కేకలు పెడుతున్నా ఆపలేదు. పళ్లెంతో సహా మలీదాను చెత్తబుట్టలో వేసింది. పిల్లవాణ్ణి పడుకోబెట్టిన గుడ్డలన్నీ సంచిలో కట్టి బయట పెట్టించింది. మురికి అన్న మాట చాలాసార్లు అంది. దాన్ని అనువదించమని ఎవరూ అడగలేదు, అక్కర్లేదు కూడా. ఈ మనిషికి ఏ రోగాలున్నాయో అని నాతో అంది. ఫాతిమాబీకి వీసా ఇచ్చే ముందు రక్తం, ఎక్సురే అన్నీ చూశారు. ఆ కాగితాలు ఆ ఇంట్లోనే ఉన్నాయి.

నాకు అసహ్యం వేసింది. ఆమె వాంతి చూసి కాదు. ఆమె వాంతి చేసుకున్న చోటి నుంచి నా మిషను మీద పదకొండో అధ్యాయం కనిపిస్తూ ఉంది.

సనావుల్లా అప్పుడే బండి తుడుస్తున్నాడు. మేడం చెయ్యి చూపగానే లోపలికి వచ్చి, ఖలాస్, సామాను సర్దు, యల్లా, నడువు అన్నాడు. అసలు సంగతి ఏమిటని నన్నడిగితే చెప్పాను. నవ్వాడు. తన ఇంటికి రాసిన ఉత్తరంలో సంగతి రాయలేదు, అసహ్యమైన పని అని మాత్రం రాశాడు. ఊహించుకునే పని ఊరికి వదిలేశాడు. దాని గురించి నేను చెప్పగలిగింది అంతే.

ఫాతిమాబీని నాతో అజ్మాన్ తీసుకొచ్చాను. పాస్‌పోర్టు మిసెస్ వీలర్ బీరువాలో ఉండిపోయింది. ఇంకో మనిషి దొరికాక చూద్దామంది. కఫీల్ ఆఫీసుకు, అంటే వీసాకు పూచీ పడ్డ కంపెనీకి వెళ్లాం. అక్కడి ముదీర్, అంటే మేనేజరు, ఈ దేశపు పెద్దాయన, హిందీ వచ్చు. ఎందుకు తీసేశారని అడిగాడు. ఫాతిమాబీ చెప్పింది. ఆయన లేచి కుర్చీ జరిపి ఆమెను కూర్చోమన్నాడు. నన్ను కాదు, ఆమెను. తనకూ కల్బా అనే ఊళ్లో పాల తల్లి ఉండేదని, ఆమె పోతే పాడె తానే మోశానని చెప్పాడు. టీ తెప్పించాడు. పాస్‌పోర్టు మాట ఎత్తితే, అది ఇంటివాళ్ల వ్యవహారం, కంపెనీ కలగజేసుకోదు అన్నాడు. కుర్చీ ఇచ్చాడు, టీ ఇచ్చాడు. అక్కడితో సరి.

నాలుగు రోజులకు సనావుల్లా బండి మా వీధిలో ఆగింది. టిమ్ ఏమీ తాగడంలేదని, ఆసుపత్రిలో చేతికి సూది పెట్టి సెలైను ఎక్కించి పంపారని, పాలు సీసాలోకి పిండి ఇవ్వడానికి మేడం ఇద్దరినీ రమ్మందని చెప్పాడు. దారిలో అద్దంలో చూస్తూ, ఏమమ్మా, తెల్లదొరకు తల్లివైనావంటనే అన్నాడు. ఫాతిమాబీ కొంగు సర్దుకుని, నువ్వు కూడా ఆ ఈడున దొరికింటే నీకూ రెండు గుక్కలు పోసింటిని, రవ్వంత బుద్ధన్నా వచ్చేది, రోడ్డు చూసి తోలు అంది. అతను కళ్లు రోడ్డు మీదికి తిప్పాడు.

మిసెస్ వీలర్ మమ్మల్ని హాల్లోకి రానివ్వలేదు. వంటగది గుమ్మంలో నిలబడి షరతులు చెప్పింది. పిల్లవాణ్ణి ఫాతిమాబీ ఒంటికి తగలనివ్వకూడదు. స్నానాల గదిలో సబ్బుతో కడుక్కుని, పాలు గాజు సీసాలోకి పిండి తేవాలి. వాటిని తానే కాచి, తానే పట్టిస్తుంది. డాక్టరు కొత్త పొడి తెప్పించేదాకా ఒక వారం. వారం అయ్యాక పాస్‌పోర్టు సంగతి ఆలోచిస్తుంది. చెబుతున్నంతసేపూ చేతులకు రబ్బరు తొడుగులు ఉన్నాయి.

ఫాతిమాబీ విని, ముందు పాస్‌పోర్టు అంది. నేను చెప్పాను. మేడం మొహం ఎర్రబడింది, బిడ్డ ఆకలి మీద బేరమా అంది. అదీ ఫాతిమాబీకి చెప్పాను. ఆమె నాతో అన్న మాటలు ఇవి. బేరం పాలకు గాదక్కా. పాలు అమ్మితే నేను ఆ బిడ్డకు ఏమవుతాను. నా బిడ్డ తావుకు పోయేదానికి నా బుక్కు నాకీమంటున్నా, అంతే. ఇచ్చేదాకా ఈడ్నే కూచుంటా.

గుమ్మం ముందు నేల మీద కూర్చుంది. లోపల పిల్లవాడు ఏడుస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్లకూ వినిపిస్తోంది. ఎవరు ముందు కదులుతారో నాకు తెలియలేదు. కదిలింది వీలర్ గారు. సముద్రం మీది నుంచి ఆ పొద్దుటే వచ్చాడు. బీరువా తీసి, పాస్‌పోర్టు తెచ్చి ఫాతిమాబీ చేతిలో పెట్టి, టికెట్టు కంపెనీ ఇస్తుందని నాతో చెప్పి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. ఫాతిమాబీకి థాంక్స్ కూడా చెప్పలేదు.

ఆ వారం ఫాతిమాబీ సీసాతో పాలు అందించింది. మొదటి సీసా మిసెస్ వీలర్ వెలుతురులో పెట్టి చూసి, కాచి, నిలబడి పిల్లవాడి నోట్లో పెట్టింది. వాడు మొహం తిప్పాడు. ఎన్నిసార్లు పెట్టినా అంతే. చివరికి మేడం ఫాతిమాబీ ఒళ్లో పెద్ద తువ్వాలు వేయించి, పిల్లవాణ్ణి దాని మీద పెట్టి సీసా పట్టనిచ్చింది. వాడు తాగాడు. మూడో రోజు ఫాతిమాబీ ఆమె చెయ్యి పట్టి కిందికి లాగి, నిలబడితే కాదు మేడం, బైఠో, ఇట్లా ఒడి చేసుకో అంది. ఆ చెయ్యి తర్వాత కడుక్కుందనుకోండి. అయినా కూర్చుంది. వారం చివరికి కొత్త పొడి వచ్చింది. తల్లి కింద కూర్చుని పట్టిస్తే వాడు తాగడం మొదలుపెట్టాడు. పొడి పడిందని ఆమె భర్తతో అంది, మేమిద్దరం అక్కడే ఉండగా.

ఆఖరి రోజు నాకు దిద్దిన కాగితాలు ఇచ్చింది. పదకొండో అధ్యాయం మార్చింది. ఇప్పుడు హానా పక్క పొలం నుంచి మేకపాలు తెచ్చి, గుడ్డ ముంచి పసివాడి నోట్లో పిండుతుంది. ఎందుకు మార్చారని అడిగాను. చదివేవాళ్లకు రోత కలగవచ్చు అంది. కొట్టి ఇచ్చాను. కోర్టులో ఇంతకంటే ఘోరమైన కాగితాలు చాలా కొట్టాను. ఒకటి కొట్టాక చేతులు కడుక్కోవాలనిపించడం ఇదే మొదలు. మళ్లీ ఆ ఇంటికి పోలేదు.

ఇదీ సంగతి. ఫాతిమాబీ చేసిన పని, ఆకలితో ఉన్న పసివాడికి పాలివ్వడం. అక్కడ మీరు ఆమె కొడుక్కు చేస్తున్న పనే. ఇందులో తలవంచుకోవలసింది ఏదైనా ఉంటే ఇమామ్ హుస్సేన్ గారు నాకు రాయమనండి. లేకపోతే స్టేషనుకు వెళ్లమనండి. వెళ్లేటప్పుడు బస్టాండు మీదుగానే వెళ్లమనండి.

మీ ఇద్దరు పిల్లలకూ నా ఆశీస్సులు.

ఇట్లు,
అలివేలు

తాజా కలం: ఈ కాగితం వేరుగా మడిచి పెట్టాను. ఇది మీ ఒక్కరికే. ఉత్తరాలు మీరే చదువుకుంటారని ఫాతిమాబీ చెప్పింది కాబట్టి రాస్తున్నాను.

పై కాగితాల్లో అబద్ధం లేదు. ఒక సంగతి మాత్రం రాయలేదు. ఆ వారమంతా సీసాలో పోసినవి ఫాతిమాబీ పాలు కావు. మలీదా పళ్లెం చెత్తబుట్టలో పడిన మర్నాటి నుంచి ఆమెకు పాలు ఆగిపోయాయి. వేడి నీళ్ల కాపడం పెట్టాం, మెంతులు తాగించాను, చుక్క రాలేదు. మేడం పిలిచిన రోజు ఇంకేం చేయాలో తోచక, మా ఇంటి కింద మలయాళీ కొట్లో ఒక డబ్బా కొని, కలిపి ఫ్లాస్కులో పోసి, నా సంచిలో పెట్టుకుని వెళ్లాను. తర్వాత రోజూ అంతే. వాళ్ల అలమరలో ఉన్న డబ్బాయే. ఫాతిమాబీ స్నానాల గదిలో తలుపు వేసుకుని దాన్నే సీసాలోకి వంచింది. మిసెస్ వీలర్ తొడుగులు వేసుకుని అందుకున్నదీ, అసహ్యపడుతూ కాచిందీ అదే. పిల్లవాడు తాగిందీ అదే.

మోసం చేసినానా అక్కా అని ఫాతిమాబీ నన్నడిగింది. కోర్టు మనిషిని కదా, ఆలోచించి చెబుతానన్నాను. ఇంకా చెప్పలేదు.

ఆమె బాధ అది కాదు. జిలానీ తావుకు పోతున్నా గానీ వాడికిచ్చేదానికి నా దగ్గర ఏమీ లేదు, వదినకు ఎట్లా చెప్పేది, ఆ పాలు ఎవరికి పోసి వస్తివని అడిగితే ఏమనేది అని రోజూ అంటోంది. మీకు ఆమె చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను. స్టేషన్లో పాలున్నాయా అని అడగవద్దు. ఇంటికొచ్చాకా అడగవద్దు. పిల్లవాడు ఆమెను గుర్తుపట్టక ఏడవవచ్చు, వెంటనే చేతులు చాపి తీసుకోవద్దు, కాసేపు ఏడవనివ్వండి. ఆ పూట వాడికి మీరు కడుపునిండా పాలిచ్చి మరీ స్టేషనుకు తీసుకురండి.